మోర్మన్ సంఘం విడిచిన తరువాత విశాఖపట్నంలో ఏ సంఘానికి వెళ్లాలి?

మీరు ఎనిమిదేళ్లు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే జనం మోర్మన్ సంఘమని పిలిచే దానిలో ఉండి ఆరు నెలల క్రితం మానేశారని, క్రీస్తు మీద విశ్వాసం మాత్రం పోలేదు గనుక విశాఖలోనే వేరొక క్రైస్తవ సంఘంలో చేరాలనుకుంటున్నారని రాశారు. సరైన సంఘం ఏదో ఎలా గుర్తించాలి, మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా, పాత సంఘం పుస్తకంలోంచి పేరు తీయించుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు. ఈ మూడూ ఒకప్పుడు నావి కూడా. నేను వేదాంతం చదువుకున్నవాణ్ణి కాను, పోర్టు దగ్గర ఒక రవాణా సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగిని. అందుచేత నాకు జరిగినదే రాస్తాను.

మాది కంచరపాలెం. తాతగారి కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. 2006లో తెల్ల చొక్కాలు, టైలు, జేబు మీద నల్లటి పేరు బిళ్లలతో ఇద్దరు ఎల్డర్లు, అంటే ఆ సంఘం మిషనరీ కుర్రాళ్లు, మా వీధికి వచ్చేనాటికి నాకు 18 ఏళ్లు. ఒకరిది రాజమండ్రి, మరొకరిది కోయంబత్తూరు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లే అయినా, వాళ్ల మాటలో ఉన్న నిబ్బరం మా పాస్టరుగారిలో కూడా నేను చూడలేదు. ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాను. 2008 నుంచి 2010 వరకు బెంగుళూరు మిషన్ కింద రెండేళ్లు సేవ చేశాను. 2013లో ఆ సంఘంలోని అమ్మాయినే పెళ్లి చేసుకుని, 2017లో మానేశాను. ఇప్పుడున్న బాప్టిస్టు సంఘంలో చేరింది 2019 ఈస్టరుకు. నడుమ ఉన్న రెండేళ్ల సంగతులే మీకు పనికివస్తాయనుకుంటాను.

ఎందుకు మానేశానన్నది క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ కారణాలు మీకు ఉండే ఉంటాయి. సంఘమే 2013, 2014 సంవత్సరాలలో తన చరిత్ర గురించి వెలువరించిన వ్యాసాలను నేను ఆలస్యంగా చదివాను. సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్‌కు అనేకమంది భార్యలు ఉన్నారని, వారిలో ఒకరికి 15 ఏళ్లు కూడా నిండలేదని అందులో వాళ్లే ఒప్పుకున్నారు. నల్లజాతి పురుషులకు 1978 వరకు యాజకత్వం, అంటే సంఘంలో క్రతువులు జరిపే అధికారం, ఇవ్వలేదన్న సంగతి అంతకు ముందే తెలిసినా, వివరంగా చదివినది అప్పుడే. మా తాతగారు టీ దుకాణంలో తనవాళ్లకు వేరే గ్లాసు పెట్టే ఊళ్లో పుట్టి, ఆ గ్లాసు నుంచి తప్పించుకుని క్రైస్తవుడైన మనిషి. ఆ నిషేధం మనవాళ్లకు వర్తించలేదు, నిజమే. పైగా అది ఎత్తేసిన 1978లోనే, డిసెంబరులో, సమోవా నుంచి వచ్చిన ఎడ్విన్ ధర్మరాజు కుటుంబం ద్వారా హైదరాబాదులో వారి బంధువులు 22 మంది బాప్తిస్మం పొందారు. తెలుగునాట ఆ సంఘం వేళ్లూనడానికి అదే నాంది. అయినా, పుట్టుకను బట్టి మనిషిని యాజకత్వానికి దూరంగా పెట్టడాన్ని నూరేళ్లకు పైగా దేవుని చిత్తమనే చెప్పుకొచ్చారన్నది మా తాతగారి మనవడికి మింగుడుపడలేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఈ ప్రశ్న దగ్గరే నేను దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను. 1820లో జోసెఫ్ స్మిత్ అనే 14 ఏళ్ల అబ్బాయి అడవిలో మోకరించి ఏ సంఘం సరైనదని అడిగాడని, ఏదీ సరైనది కాదు, దేనిలోనూ చేరవద్దని జవాబు వచ్చిందని మనం వందలసార్లు చెప్పాం, చెప్పించుకున్నాం. ఆ కథను నమ్మడం మానేసిన తరువాత కూడా నేను ఆ అబ్బాయి ప్రశ్ననే జేబులో పెట్టుకుని తిరిగాను. ఒక్కో ఆదివారం ఒక్కో సంఘానికి వెళ్లడం, ఏదో ఒక లోపం కనిపెట్టడం, ఇది కూడా సరైనది కాదని ఇంటికి రావడం. ఒకచోట ప్రసంగం పలుచన, మరొకచోట పెద్దల మధ్య కోర్టు వ్యాజ్యం, ఇంకొకచోట పిల్లలకు పాఠాలు లేవు. సర్వాధికారం గల ఒకే ఒక్క సంఘం భూమి మీద ఎక్కడో ఉండితీరాలన్న ఊహ నేను పాత సంఘం నుంచి వెంట తెచ్చుకున్నదేనని, మిగతా క్రైస్తవులలో చాలామంది తమ సంఘం గురించి అలా అనుకోరని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

వెంట తెచ్చుకున్నది ఇంకొకటి ఉంది. బైబిలుతో పాటు ఆ సంఘం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథం చివర, మొరోనై అనే ప్రవక్త ఇచ్చిన వాగ్దానం మీకు గుర్తుండే ఉంటుంది: ప్రార్థించి అడిగితే పరిశుద్ధాత్మ సత్యాన్ని తెలియజేస్తుంది. గుండెలో కలిగే వెచ్చదనమే ఆ సాక్ష్యమని మిషనులో నేను ఎందరికో నేర్పాను. 2018 వేసవిలో గాజువాక వైపు ఒక స్వతంత్ర సంఘం పెట్టిన రాత్రి కూడికకు వెళ్లాను. కీబోర్డు మెల్లగా మొదలై, డ్రమ్స్ అందుకుని, వెయ్యి గొంతులు ఒక్కసారిగా లేచేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు, గుండెలో ఆ వెచ్చదనం సరిగ్గా అలాగే కలిగింది. పది నిమిషాల తరువాత వేదిక మీది సేవకుడు, ఎవరెవరు ఎంత కానుక ఇచ్చారో మైకులో పేర్లతో సహా చదివి, తక్కువ ఇచ్చినవారి విశ్వాసం గురించి ఎత్తిపొడిచారు. అప్పటికీ నా గుండె వెచ్చగానే ఉంది. ఆ రాత్రి నుంచి దానిని పాటకు కలిగిన స్పందనగానే చూస్తున్నాను, సంఘాన్ని కొలవడానికి వాడటం లేదు.

బయటివాళ్లకు తెలియని చిన్న చిన్న ఇబ్బందులు కూడా ఉంటాయి. బాప్టిస్టు సంఘానికి మొదటిసారి వెళ్లిన రోజు, పదేళ్ల అలవాటు కొద్దీ, తెల్ల చొక్కా, టై, పాలిష్ చేసిన బూట్లతో వెళ్లాను. గుమ్మం బయట చెప్పుల గుట్ట చూసి బూట్లు విప్పాను. మేజోళ్లతో లోపలికి అడుగు పెట్టగానే ఒక పెద్దాయన గబగబా వచ్చి, "వందనాలండి, రండి అయ్యగారూ" అంటూ నన్ను నేరుగా వేదిక పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. వేరే ఊరి నుంచి ప్రసంగించడానికి వచ్చిన సేవకుణ్ణని అనుకున్నారు! అసలు ప్రసంగీకుడు వచ్చేదాకా పావుగంట సేపు సంఘమంతటికీ ఎదురుగా చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాను. నా భార్య తల మీద చెంగు లేకుండా కూర్చుంటే వెనకనున్న మామ్మగారు ఒక్క మాటా అనకుండా చెంగు అందుకుని తల మీద కప్పారట. అది మర్యాదో మందలింపో నా భార్యకు ఇప్పటికీ తేలలేదు. ఆరాధన అయ్యాక స్టీలు గ్లాసులతో టీ పళ్లెం వచ్చింది. పాత సంఘంలో టీ నిషేధం గనుక పదకొండేళ్లుగా టీ ముట్టని చేతితో ఆ గ్లాసు అందుకుని, తాగాలో పక్కన పెట్టాలో తెలియక చల్లారిపోయేదాకా పట్టుకుని నిలబడ్డాను. పాస్టరు, పాకీపని చేసే కుటుంబం, బ్యాంకు మేనేజరు, అందరూ ఆ ఒక్క పళ్లెంలోని గ్లాసులే తీసుకోవడం చూశాక, చల్లటి టీయే తాగేశాను.

నగరంలో ఉన్న సంఘాలలో నేను చూసినవి చెబుతాను. పాత సంఘంలోని క్రమం, నిశ్శబ్దం మీకు నచ్చి ఉంటే, రోమన్ కాథలిక్కుల దగ్గరో దక్షిణ ఇండియా సంఘం దగ్గరో త్వరగా కుదురుకుంటారు. నాకు మనసు బాగా కలత చెందిన రోజులలో పాత ఊరి రాస్ కొండ ఎక్కి మరియమాత గుడి బయట ఓడలను చూస్తూ కూర్చునేవాణ్ణి, అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. సహోదరుల (బ్రదరెన్) సహవాసాలలో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, పాత సంఘంలో లాగే జీతం తీసుకునే పాస్టరు ఉండకపోవచ్చు గనుక ఆ పద్ధతి మనకు కొంత పరిచితంగా అనిపిస్తుంది. పెంతెకొస్తు సంఘాలలో ఆప్యాయత ఎక్కువ, శబ్దమూ ఎక్కువ. వ్యక్తుల పేరు మీద నడిచే స్వతంత్ర సంఘాలలో మాత్రం ఒకటికి రెండుసార్లు విచారించండి. ఒక ప్రవక్తను వదిలి వచ్చినవాళ్లం, తన దర్శనాలను వాక్యంతో సమానం చేసే మరొకరి చేతిలో పడటం చాలా తేలిక. ఆ లోటు మనలో ఖాళీగా ఉంటుంది మరి.

బోధ విషయంలో నేను ప్రతి పాస్టరునూ ముందుగా త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒకే దేవుడన్న బోధ గురించి, అడిగేవాణ్ణి. తండ్రికి, కుమారునికి వేర్వేరు శరీరాలున్నాయని, వారు వేర్వేరు వ్యక్తులని నేర్చుకున్న మనకు తండ్రి కుమారులది ఒకే తత్వమని చెప్పే 325 నాటి నీకయ విశ్వాస ప్రమాణం నోరు తిరగదు. నాకు త్రిత్వం పూర్తిగా అర్థమైందని ఇప్పటికీ చెప్పలేను. కానీ అర్థం కాలేదని చెప్పినప్పుడు కసురుకోకుండా కూర్చోబెట్టి మాట్లాడిన పాస్టరు ఇద్దరే ఇద్దరు, వారిలో ఒకరి సంఘంలోనే నేనున్నాను.

రెండవది బైబిలు మీద మనకున్న అనుమానం. సరిగా అనువదింపబడినంత మేరకే బైబిలు దేవుని వాక్యమని మనకు నేర్పారు. ఆ షరతు నా తలలోంచి పోవడానికి విశాఖ చరిత్రే సాయం చేసింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ ఈ ఊళ్లోనే దిగి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో సువార్తలను అనువదించారు. 1810 నాటికి ఇద్దరూ చనిపోయారు. వారి అనువాదం 1812లో సేరంపూరులో అచ్చయింది. తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో వెలువడింది. గ్రీకు మూలం అందరి ముందూ ఉంది, తప్పులుంటే దిద్దుకోవచ్చు, తరువాతివాళ్లు దిద్దారు కూడా. మోర్మన్ గ్రంథానికి మూలమని చెప్పే, దేవదూత తీసుకుపోయాడన్న బంగారు రేకులను అలా ఎవరూ సరిచూడలేరు. ఆ తరువాతే ఎఫెసీయులకు రాసిన పత్రికలో "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్న మాటను, మనం చేయగలిగినదంతా చేశాక అన్న మోర్మన్ గ్రంథపు పాత తోక తగిలించకుండా చదవగలిగాను.

డబ్బు గురించి నాది వృత్తిరీత్యా వచ్చిన పట్టుదల. పాత సంఘంలో దశమభాగం కవరులో పెట్టి ఇచ్చేవాళ్లం, ఏడాది చివర స్థానిక నాయకుని ఎదుట పూర్తిగా ఇచ్చామో లేదో చెప్పేవాళ్లం, అది ఎక్కడికి వెళ్లి ఏమైందో మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. అందుకే సంఘం లెక్కలు ఎవరు రాస్తారు, ఎవరు తనిఖీ చేస్తారు, సంవత్సరానికి ఒకసారైనా సభ్యుల ముందు చదువుతారా అని నిర్మొహమాటంగా అడగండి. మా సంఘంలో కోశాధికారి చదివే లెక్క అంత బాగుండదు. మొదటి ఏడాది విద్యుత్తు బిల్లును రెండుచోట్ల రాశారు, నేను చెబితే దిద్దుకున్నారు.

బాప్తిస్మం విషయం: చాలా సంఘాలు మనం పొందిన బాప్తిస్మాన్ని ఒప్పుకోవు. రోమన్ కాథలిక్ సంఘం 2001 జూన్‌లో ఈ సంగతిని అధికారికంగానే తేల్చింది. మాటలు ఒకటే అయినా, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల గురించి నమ్మేది వేరు గనుక అది చెల్లదన్నది వారి తీర్పు. మా బాప్టిస్టు పాస్టరుగారు కూడా అదే అన్నారు. నాకు మొదట చిన్నతనంగా అనిపించింది, నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. ఆయన తొందరపెట్టలేదు. పది నెలల పాటు ప్రభువు బల్ల దగ్గర నన్ను దాటి వెళ్లిన పళ్లెం చూస్తూ కూర్చున్నాను. పాత సంఘంలో ఇచ్చే నీళ్లకు బదులు ఇక్కడ ద్రాక్షరసం ఉంటుందన్న తేడా కూడా ముక్కుకే తెలిసింది, నాలుకకు కాదు. చివరకు నేనే అడిగి తీసుకున్నాను. మిమ్మల్ని వచ్చిన వారమే నీళ్లలోకి దింపుతామంటే ఆగమనండి.

ఇంకొక హెచ్చరిక. మీరు ఎక్కడి నుంచి వచ్చారో తెలియగానే కొందరు మిమ్మల్ని వేదిక ఎక్కించాలని చూస్తారు. ఒక సేవకుడు నా ఫోటోతో ఫ్లెక్సీ వేయిస్తానని, సాక్ష్యాన్ని యూట్యూబులో పెడతానని అన్నారు. మనకు అన్నం పెట్టి, అమ్మకు జబ్బు చేస్తే రాత్రంతా ఆసుపత్రిలో కూర్చున్న పాత సంఘం మనుషులు ఆ వీడియో చూస్తారన్నది గుర్తుకు వచ్చి ఒప్పుకోలేదు.

పేరు తీయించుకోవడానికి రాతపూర్వకంగా కోరితే చాలు, స్థానిక నాయకుని ద్వారా అది ముందుకు వెళుతుంది. మళ్లీ ఎప్పుడైనా తిరిగి వెళ్లాలనుకుంటే మాత్రం బాప్తిస్మం కొత్తగా తీసుకోవాలి. కొత్త సంఘంలో చేరడానికి ఇది అవసరమని నన్ను ఎవరూ అడగలేదు, నా మనసు తేలికపడటానికే రాశాను. ఇంట్లో వాళ్ల సంగతి అంత తేలిక కాదు. 2018 ఏప్రిల్‌లో బెంగుళూరులో దేవాలయం కడతామని ప్రకటన వచ్చిన రోజు మా అత్తగారు ఫోన్ చేసి, "ఇన్నాళ్లకు మన దేశానికి గుడి వస్తుంటే ఇప్పుడా బాబూ మీరు వెళ్లిపోవడం" అని ఏడ్చారు. దేవాలయంలో జరిపే క్రతువుతో కుటుంబం శాశ్వతంగా కలిసి ఉంటుందన్న నమ్మకం ఆవిడది. దానికి నా దగ్గర జవాబు లేక, ఆదివారం భోజనానికి వస్తామని మాత్రం చెప్పాను, ఇప్పటికీ వెళుతున్నాం.

నా భార్య నాకంటే ఏడు నెలలు ఆలస్యంగా మానేసింది, తన పేరు ఇంకా తీయించుకోలేదు, నేనూ తీయించుకోమని అడగలేదు. ఇప్పుడు ఇద్దరం ఒకే బండి మీద చర్చికి వెళతాం, లోపల తను ఆడవాళ్ల వైపు, నేను మగవాళ్ల వైపు కూర్చుంటాం. పాత సంఘంలో పక్కపక్కనే కూర్చునేవాళ్లమని ప్రతి ఆదివారం తిరుగు దారిలో ఒకసారైనా గుర్తు చేస్తుంది.