తామర మళ్ళీ మళ్ళీ వస్తోందా? ముందు ఆ ట్యూబ్ వెనక ఏం రాసుందో చదువు

ఒడిశాలో రాయగడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న చెల్లి అడిగిన ప్రశ్న ఇది. ఏడాదిగా తొడల్లో, నడుం దగ్గర తామర. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే మూడు రోజుల్లో తగ్గుతుంది, ఆపిన వారానికి తిరిగొస్తుంది. రక్తం చెడిపోయిందా, వంకాయ మానేయాలా, దీనికి కొత్త మందేమైనా కనిపెట్టారా అని. "అక్కలెవరికైనా అనుభవం ఉంటే చెప్పండి" అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. పర్లాకిమిడిలో రవికలు కుట్టుకుంటాను. ఈ తామరతో మాత్రం దాదాపు రెండేళ్ళు కాపురం చేశాను. చేసిన తప్పులన్నీ చెబుతాను, నీకు కొన్నైనా తప్పుతాయి.

నాకు మొదలైంది లంగా బొందు కట్టే చోట. పెళ్ళిళ్ళ సీజను, ఎండలు, రోజుకి పది గంటలు మిషను మీద వంగి కూర్చోవడం. బొందు కింద చెమట ఆరేది కాదు. మొదట రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ, అంచు కాస్త ఉబ్బెత్తుగా, మధ్యలో మామూలు చర్మమే. ఒరిపిడి అనుకుని కొబ్బరినూనె రాశాను. మా షాపులో కాజాలు కుట్టే ఒడియా అమ్మాయి చూసి, "దీదీ, ఇది జాదు" అంది. ఒడియాలో తామరని అలాగే అంటారు. ఆ సమయానికి టెక్కలి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు ఆ మాటని మంత్రం, చేతబడి అనుకుని, "ఎవులు సేసినారే నీకు?" అని నిమ్మకాయలు తెమ్మన్నారు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, నిజంగా చేతబడి లాంటి పని చేసింది ఆ తర్వాత నేను కొన్న ట్యూబ్.

మందుల షాపులో మచ్చ చూపించలేదు, సిగ్గు. "నడుం దగ్గర దురద" అన్నానంతే. అతను డాక్టర్ చీటీ అడగలేదు, ఒక ట్యూబ్ చేతిలో పెట్టాడు. రాత్రి రాశాను. మూడో రోజుకి దురద లేదు, ఎరుపు లేదు. ఎంత మంచి మందో అనుకుని పక్కింటావిడక్కూడా చెప్పాను. వారం తర్వాత ఆపితే పదో రోజుకి మళ్ళీ వచ్చింది, ఈసారి అరచేయంత. మళ్ళీ రాశాను. అలా ఎనిమిది నెలలు. మధ్యలో మా ఆయనకి బెల్టు కింద, మా పాపకి మెడ మీద. ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపిస్తే నెల రోజులు మాత్రలు రాసి, పైపూతకి మళ్ళీ అదే రకం ట్యూబ్ ఇచ్చారు.

చివరికి బరంపురం మెడికల్ కాలేజీ చర్మం ఓపీకి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ మచ్చ కన్నా ముందు ట్యూబ్ అడిగారు. సంచిలోంచి తీసిస్తే, వెనక ఉన్న చీమ తలకాయలంత అక్షరాలు చదివి వినిపించారు. ఒక ఫంగస్ మందు, రెండు బ్యాక్టీరియా మందులు, చివర్లో క్లోబెటసాల్. "ఈ చివరిది స్టెరాయిడ్. పూతమందుల్లో దీని కన్నా ఘాటైన స్టెరాయిడ్ మా దగ్గర కూడా లేదు. నువ్వు ఎనిమిది నెలలు రాశావు" అన్నారు.

స్టెరాయిడ్ అనగానే విషం అనుకోకు. 1952లో అమెరికాలో సల్జ్‌బెర్గర్, విట్టెన్ అనే ఇద్దరు చర్మ వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ని పూతగా వాడి చూపించాక చర్మ వైద్యమే మారిపోయింది. ఎగ్జిమా, సోరియాసిస్ వాళ్ళకి అది ఎంత మేలు చేసిందో చెప్పలేం. కానీ తామర ఫంగస్ వల్ల వచ్చేది, అది ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ శత్రువు. ఎరుపు, దురద అనేవి మన ఒళ్ళు ఫంగస్‌తో చేస్తున్న కొట్లాట. స్టెరాయిడ్ ఆ కొట్లాటని ఆపేస్తుంది. మనకి హాయిగా ఉంటుంది, ఫంగస్‌కి అంతకన్నా హాయిగా ఉంటుంది. అడ్డు లేక పాకుతుంది. గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి చూసిన డాక్టరే పోల్చుకోలేని స్థితికొస్తుంది. 1968లోనే ఇంగ్లండ్‌లో ఐవ్, మార్క్స్ అనే వైద్యులు దీనికి టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టారు. మారువేషంలో ఉన్న తామర అన్నమాట. మన దేశంలో 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. నా చేతికి ట్యూబ్ వచ్చింది ఆ తర్వాతే. ఇంకేం చెప్పను.

డాక్టరమ్మ వెంటనే మందు రాయలేదు. వారం రోజులు ఏ పూతా రాయకుండా రమ్మన్నారు. ఆ వారం మాత్రం నరకం. స్టెరాయిడ్ ఆపగానే దురద వడ్డీతో సహా వసూలు చేస్తుంది. రాత్రి రెండింటికి లేచి తడిగుడ్డ నడుముకి చుట్టుకుని వరండాలో కూర్చునేదాన్ని. ఐదో రోజు ట్యూబ్ కోసం చెత్తబుట్ట వెతికాను కూడా. మా ఆయన ముందే పారేశారు కాబట్టి సరిపోయింది. నీకూ ఇలా అవ్వొచ్చు, ముందే తెలిస్తే భయపడవు. దురద మరీ తట్టుకోలేకపోతే దానికి వేరే మాత్రలుంటాయి, డాక్టర్ని అడుగు.

మళ్ళీ వెళ్ళినప్పుడు మచ్చ అంచు దగ్గర బ్లేడుతో మెల్లగా గీకి, రాలిన పొట్టుని గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశారు. చర్మపు పొట్టు అందులో కరిగిపోతుంది, ఫంగస్ మిగులుతుంది. అక్కడ పీజీ చదువుతున్న అబ్బాయి, "చూస్తారా అక్కా?" అని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచాడు. ఒక కన్ను మూసి చూశాను. పల్చటి వెలుగులో సన్నని దారాలు. కొమ్మలుగా చీలి, మధ్యమధ్యలో అడ్డగీతలు. బాబిన్‌లో చిక్కుపడ్డ దారం అచ్చం అలాగే ఉంటుంది. రోజంతా దారంతో బతికేదాన్ని, నా చర్మంలోనే ఎవరో కుడుతున్నట్టు అనిపించి ఒళ్ళు జలదరించింది. ఆ పరీక్ష నిమిషాల్లో అయిపోయింది. అన్నాళ్ళలో దాని సంగతి నాకెవ్వరూ చెప్పలేదు.

రక్తం సంగతి అక్కడే తేలిపోయింది. ఆ ఫంగస్ తినేది చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ని. అది రక్తంలోంచి రాలేదు, వంకాయలోంచి అసలే రాలేదు. నేను ఆర్నెల్లు వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానేశాను. పర్లాకిమిడిలో ఉండి ఎండుచేప మానడం అంటే ఎలాంటి శిక్షో నీకు తెలుసు. సుగరుంటే మాత్రం తామర మొండికేస్తుంది, అందుకని సుగర్ పరీక్ష రాశారు.

ఇక కొత్త మందుల సంగతి. ఈ మధ్య పరిశోధనలో బయటపడ్డ పెద్ద విషయం కొత్త మందు కాదు, ఫంగస్సే మారిపోయిందని. మునుపు కొన్ని వారాల్లో లొంగిన తామర మన దేశంలో పదేళ్ళ పైగా మొండిగా తయారైంది. 2020లో జపాన్ పరిశోధకులు ఒక భారతీయుడి నుంచి, ఒక నేపాలీ నుంచి తీసిన ఫంగస్‌ని పరీక్షించి, అది వేరే జాతి అని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులో మన దేశాన్ని ఇరికించారు, దానికి ఎవరిననాలో తెలీదు. 2023లో ఇదే న్యూయార్క్‌లో ఇద్దరు స్త్రీలలో కనిపించిందని వెల్లడించారు. వాళ్ళలో ఒకామె ఆ మధ్యకాలంలో దేశం దాటి ఎక్కడికీ వెళ్ళలేదట.

తామరకి మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్ అనే మందు దీని మీద చాలాసార్లు పనిచేయదు. ఆ మందు ఫంగస్‌లోని ఒక ఎంజైమ్‌ని పట్టుకుని, దాని కణపు పొరకి కావలసిన కొవ్వు తయారవకుండా ఆపుతుంది. మొండి ఫంగస్‌లో ఆ ఎంజైమ్‌లో ఎక్కువగా 397వ స్థానంలో ఒకే ఒక్క ముక్క మారిపోయి ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే, చంక దగ్గర కొలత అరంగుళం మారితే చాలు, రవిక ఎంత మంచి బట్టదైనా ఎక్కదు. క్లినిక్‌లో నాకు నెల రోజులు ఇచ్చింది ఇదే మందు. అది పనిచేయకపోవడానికి ఫంగస్ ఎంత కారణమో, పైన స్టెరాయిడ్ రాయడం ఎంత కారణమో చెప్పలేనన్నారు డాక్టరమ్మ.

నువ్వు అంకెలు నమ్మేదానివైతే ఇది చూడు. కాశీలో బనారస్ హిందూ యూనివర్సిటీ చర్మ వైద్యులు 200 మందిని నాలుగు జట్లుగా చేసి, ఒక్కో జట్టుకి ఒక్కో ఫంగస్ మాత్ర ఇచ్చారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. ఎనిమిది వారాలకి పూర్తిగా తగ్గినవాళ్ళు ఇట్రాకొనజోల్‌తో 66 శాతం, ఫ్లూకొనజోల్‌తో 42, టెర్బినాఫిన్‌తో 28, గ్రైసియోఫల్విన్‌తో 14. అన్నిటికన్నా మంచి మందుతో కూడా, ఎనిమిది వారాల తర్వాత, ముగ్గురిలో ఒకరికి తగ్గలేదు. మూడు రోజుల్లో తగ్గించే ట్యూబ్ మీద అనుమానం రావడానికి నాకీ ఒక్క లెక్క చాలు.

నాకు ఇట్రాకొనజోల్ రాశారు. మోతాదు రాయను, నువ్వు చూసి కొనుక్కుంటావని భయం. కానీ దాని పద్ధతి చెబుతాను, ఎందుకంటే అక్కడే నేనింకో తప్పు చేశాను. ఆ క్యాప్సూల్ కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది, అందుకే అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. నేను మాత్ర వేసుకుంటే గ్యాస్ వస్తుందని రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర కూడా మింగేదాన్ని. అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఇది ఆమ్లం కావాలంటుంది. మూడు వారాలు వృథా. వేరే మందులు ఏవి వాడుతున్నా డాక్టర్‌కి చెప్పాలి. మా అత్తగారికీ అంటుకుంటే, ఆవిడ కొలెస్టరాల్ మాత్రతో ఇది పడదని ఆవిడకి వేరే దారి చూశారు. గర్భం ఉన్నా, గుండె జబ్బున్నా ముందే చెప్పాలి. లివర్ పరీక్ష చేయించమన్నారు, చేయించాను.

పూతమందు విడిగా ఫంగస్‌కి మాత్రమే ఉన్నది ఇచ్చారు. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్లు, రోజుకి రెండుసార్లు, పూర్తిగా పోయాక కూడా రెండు వారాలు. గోడ మీద క్యాలెండర్‌లో గీతలు పెట్టుకున్నాను. నాకు మొత్తం పదమూడు వారాలు పట్టింది. ఏడో వారంలో అంతా పోయినట్టే కనిపించింది. ఆపాలని చెయ్యి ఎంత లాగిందో.

ఇంట్లో నలుగురం ఒకేసారి వాడాం. అదే అసలు కీలకం అంటాను. ఒకళ్ళు తగ్గించుకుని ఇంకొకళ్ళ తువ్వాలుతో తుడుచుకుంటే మళ్ళీ మొదటికే. ఫంగస్ బట్టల్లో బతికే ఉంటుంది. 30 డిగ్రీల నీళ్ళలో ఉతికితే చావదని, 60 డిగ్రీల్లో చస్తుందని పరిశోధనలో చూశారు. మాకు డిగ్రీలు చూపించే మిషను లేదు. లోపలి బట్టలు, తువ్వాళ్ళు పొయ్యి మీద నీళ్ళు కాచి నానబెట్టి, ఎండలో తిరగేసి ఆరేసి, కుట్ల దగ్గర ఇస్త్రీ చేసేదాన్ని. లంగాలకి బొందు తీసేసి నాలుగంగుళాల వెడల్పు పట్టీ కుట్టుకున్నాను. హాస్టల్లో నీళ్ళు కాచుకోవడం కుదరదేమో. కనీసం నీ తువ్వాలు, నీ లోపలి బట్టలు వేరుగా ఉంచు, తడివి వేసుకోకు, జీన్స్ కొన్నాళ్ళు పక్కన పెట్టి వదులు కాటన్ వేసుకో. గదిలో ఇంకెవరికైనా ఉందేమో కనుక్కో. అడగడానికి సిగ్గుపడతావు, వాళ్ళూ సిగ్గుపడుతూ అదే ట్యూబ్ రాస్తూ ఉంటారు.

సీమ అవిసె ఆకు నూరి రాయమని నీకెవరో చెప్పే ఉంటారు. మా అమ్మమ్మ రాసేది. ఆ ఆకులో ఫంగస్‌ని అణిచే గుణం ఉందని ల్యాబుల్లో చూశారు, ఒట్టి మూఢనమ్మకమేం కాదు. కానీ స్టెరాయిడ్‌తో పల్చబడిన చర్మం మీద పచ్చి ముద్ద రాస్తే నాకు బొబ్బలెక్కాయి. నువ్వు రాయకు.

తామర పోయింది. నడుం పక్కన నాలుగైదు ఎర్రటి చారలు మాత్రం ఉండిపోయాయి, కాన్పు చారల్లాంటివి. స్టెరాయిడ్ చర్మాన్ని లోపల సాగదీసి చింపేసిన గుర్తులవి. కాలం గడిస్తే తెల్లబడతాయి గానీ పోవని చెప్పారు. నీ తొడల మీద అలాంటివి మొదలయ్యాయేమో చూసుకో, ఉంటే అది కూడా డాక్టర్‌కి చూపించు.

బరంపురం నీకు దూరం. ముందు రాయగడ జిల్లా ఆసుపత్రిలో చర్మం డాక్టర్ ఏ రోజుల్లో ఉంటారో కనుక్కొని వెళ్ళు. ఒడియాలో చెప్పాల్సి వస్తే "జాదు" అను చాలు. గీకి చేసే పరీక్ష చేస్తారా అని నువ్వే అడుగు. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్ళు. పేర్లు గుర్తుంటాయిలే అనుకోకు, ఆ రోజు నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.