ఫుట్‌బాల్ క్లబ్ టూర్‌కి ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. వయసు 48, శానిటరీ సామాన్ల షాపు ఉంది. మా తోడల్లుడి కొడుకు, అతని ఫ్రెండ్స్ కలిసి ఈవెంట్ ఫర్మ్ నడుపుతున్నారు. యూరప్‌లోని ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్‌ను ఎగ్జిబిషన్ మ్యాచ్‌కి హైదరాబాద్ తెస్తారట. పార్ట్‌నర్‌గా చేరి 60 లక్షలు పెడితే ఐదు నెలల్లో 80 లక్షలు ఇస్తామంటున్నారు. అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడాది. ఇల్లు తాకట్టు పెట్టి ఇవ్వొచ్చా?

జవాబు: వద్దండీ. ఇల్లు తాకట్టు పెట్టకండి, పార్ట్‌నర్‌గా సంతకం అసలే చేయకండి. ఆ కుర్రాళ్లు మోసం చేస్తారని నేననడం లేదు. నిజాయతీగా చేసేవాళ్లు కూడా నిండా మునిగే వ్యాపారమిది.

క్లబ్ ఫీజు 20 లక్షల యూరోలు, యూరో 100 రూపాయలు అనుకుందాం. అంటే 20 కోట్లు. పెద్ద క్లబ్బులు సాధారణంగా పన్నులు పోను చేతికి ఇంత రావాలని అడుగుతాయి. విదేశీ క్రీడా సంస్థకు డబ్బు కట్టేటప్పుడు మన దగ్గర 20 శాతం పన్ను, ఆపైన సర్‌ఛార్జి, సెస్ కోయాలి. క్లబ్‌కి నికరంగా 20 కోట్లు చేరాలంటే మీవాళ్లకి 25 కోట్లు దాటుతుంది. ఇటు 35 వేల టికెట్లు సగటున 4 వేలకు అమ్ముడైనా వచ్చేది 14 కోట్లు. అందులో జీఎస్టీ 18 శాతమే అనుకుని తీసేసినా మిగిలేది 12 కోట్ల లోపే. విమానాలు, హోటళ్లు, స్టేడియం అద్దె, బందోబస్తు, ఇన్సూరెన్స్ ఇంకా లెక్కలోకే రాలేదు.

మిగతాదంతా స్పాన్సర్లు, టీవీ హక్కుల మీదే రావాలి. వాళ్ల డబ్బు చాలాసార్లు మ్యాచ్ అయ్యాక, బిల్లు పెట్టిన నెలకో రెండు నెలలకో వస్తుంది. క్లబ్‌కి మాత్రం ముందే కట్టాలి. మీ 60 లక్షలు అడుగుతున్నది ఆ మధ్యకాలం గడవడానికే. ఈలోపు యూరో పెరిగితే ఆ భారమూ మీవాళ్లదే. 2025 జనవరి మొదట్లో 90 రూపాయల లోపు ఉన్న యూరో సెప్టెంబరుకి 100 దాటింది. 20 లక్షల యూరోల మీద పది రూపాయలు పెరిగితే 2 కోట్లు.

స్టేడియం నిండితే చాలనుకుంటారు. 2024 ఫిబ్రవరి 4న హాంకాంగ్‌లో మెస్సీ ఆడే అమెరికా క్లబ్ ఇంటర్ మయామి ఆడినప్పుడు స్టేడియం నిండింది. కానీ గాయం వల్ల మెస్సీ బెంచి దిగలేదు. జనం గొడవ చేశారు. నిర్వాహకులు టికెట్ డబ్బులో సగం వాపసు ఇస్తామన్నారు, ప్రభుత్వ గ్రాంటు వదులుకున్నారు. 1.3 కోట్ల హాంకాంగ్ డాలర్ల లాభం వస్తుందనుకున్న చోట 4.3 కోట్ల నష్టమని వాళ్లే ప్రకటించారు. 2019 జులైలో సియోల్‌లో ఇటలీ క్లబ్ యువెంటస్ మ్యాచ్‌లోనూ ఇదే జరిగింది. రొనాల్డో కనీసం 45 నిమిషాలు ఆడాలన్నది ఒప్పందం, ఒక్క నిమిషం కూడా ఆడలేదు. కోర్టుకెళ్లిన ఇద్దరు అభిమానులకు పరిహారం కట్టమని కోర్టు ఆదేశించింది ప్రమోటర్‌నే, అంటే మ్యాచ్ పెట్టించినవాళ్లనే.

2025 జులైలో బార్సిలోనా క్లబ్, జపాన్‌లో ఆడాల్సిన మ్యాచ్‌కి మూడు రోజుల ముందు, ప్రమోటర్ ఒప్పందం ఉల్లంఘించాడంటూ రావడం లేదని ప్రకటించింది. అవతలి జట్టు విస్సెల్ కోబె యజమాని అయిన రకుటెన్ అనే పెద్ద జపాన్ కంపెనీ ముందుకొచ్చి డబ్బు సంగతి చూసుకోబట్టి మ్యాచ్ జరిగింది. మీవాళ్ల వెనక అలాంటి కంపెనీ ఉందా?

నాకు ఎక్కువ భయం వేస్తున్నది ‘పార్ట్‌నర్’ అన్న మాట చూసి. మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో మీ బాధ్యత 60 లక్షలతో ఆగదు. ఫర్మ్ చేసిన అప్పుకి ప్రతి భాగస్తుడూ పూర్తిగా బాధ్యుడే. క్లబ్‌కో, హోటల్‌కో బాకీ పడితే మీ షాపు మీదికీ రావచ్చు. తాకట్టు లోను 10 శాతం వడ్డీకి 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 64 వేల కిస్తీ. మ్యాచ్ ఆగిపోయినా అది ఆగదు. అమ్మాయి చదువు పూర్తయ్యే సమయంలో ఈ టెన్షన్ మీకెందుకు?

బంధుత్వం చెడకూడదనుకుంటే, పోయినా మీ ఇంటికి లోటు రాని మొత్తం, మీ పొదుపులోంచి మూడు నాలుగు లక్షలు మించకుండా, ప్రామిసరీ నోటు రాయించుకుని అప్పుగా ఇవ్వండి. అంతకుముందు మూడు కాగితాలు చూపించమనండి: క్లబ్ సంతకం చేసిన అసలు ఒప్పందం (ఆసక్తి ఉందని రాసిన లేఖ చాలదు), ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అనుమతి, స్పాన్సర్ అడ్వాన్సు జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంటు. ఒప్పందంలో ప్రధాన ఆటగాడు రాకపోతే ఫీజు ఎంత తగ్గుతుందో, మ్యాచ్ రద్దయితే అడ్వాన్సు ఎవరికి చెందుతుందో మీ ఆడిటర్ చేత చదివించండి. ఇవి చూపించడానికి వెనకాడితే ఆ అప్పు కూడా ఇవ్వకండి.