దారి ప్లానులో గీస్తే చాలదు, దస్తావేజులోకి ఎక్కించు

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాను చూశాను. ఏడంతస్తులు, కింద షాపులు, పైన ఫ్లాట్లు, వెనక వీధి నుంచి ముందు స్టేషన్ రోడ్డు దాకా సైటు మధ్యలోంచి ఆకుపచ్చ గీతతో ఒక నడకదారి. బాగుంది. కానీ నీ మెయిల్ మొత్తం ఎత్తు గురించే రాశావు, చుట్టుపక్కల వాళ్లు ఏడుకి ఒప్పుకుంటారా, ఆరుకి దిగాలా అని. అంత టెన్షన్ పడకు, ఆ పేచీ ఎలాగోలా తేలిపోతుంది. అయిదు నుంచి పన్నెండు అంతస్తుల మధ్య బిల్డింగ్ ఎక్కడ వచ్చినా ఈ గొడవ ఉండేదే, నీడ ఏ గంటకి ఎవరింటి మీద పడుతుందో చూపించి, పై రెండంతస్తుల్ని కాస్త వెనక్కి జరిపితే సగం మంది చల్లబడతారు. నాకు భయమల్లా ఆ ఆకుపచ్చ గీత గురించే. దాన్ని ఎవరూ వద్దనరు, కావాలని పట్టుబట్టేవాళ్లూ ఉండరు, అందుకే అందరికంటే ముందు అదే ఎగిరిపోతుంది.

ఆ దారి ఎందుకు కావాలో మీటింగులో అడుగుతారు. అందం, పచ్చదనం అని మొదలుపెట్టకు, లెక్క చెప్పు. మీ బ్లాకు, అంటే నాలుగు వైపులా వీధులున్న ఆ స్థలం మొత్తం, పొడవు 200 మీటర్లు, లోతు 100 అన్నావు కదా. వెనక వీధి మధ్యలో ఉన్న ఇంటికి స్టేషన్ రోడ్డు సరిగ్గా ఎదురుగా, 100 మీటర్లలో ఉంది. దారి లేకపోతే మూల దాకా ఓ 100, మలుపు తిరిగి 100, మళ్లీ మధ్యకి రావడానికి 100, వెరసి 300. సిగ్నళ్ల టైము పెట్టేటప్పుడు మనం వాడే నడక వేగం సెకనుకి సుమారు 1.2 మీటర్లు, ఆ లెక్కన ఒక్క వైపుకే మూడు నిమిషాలకి కాస్త తక్కువ అదనం, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి ఇంకా ఎక్కువ, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకి రోజూ రెండుసార్లు. కారులో వెళ్లేవాడికి ఈ తేడా తెలియను కూడా తెలియదు, బ్లాకుల సైజు తేల్చేది మాత్రం ఎక్కువగా వాళ్లే. అమెరికాలో పోర్ట్‌లాండ్ నడిబొడ్డున బ్లాకు 200 అడుగులు, సాల్ట్ లేక్ సిటీలో 660. రెండింటి మ్యాపుల్నీ ఒకే స్కేలులో పక్కపక్కన పెట్టి చూపించు, నువ్వింకేం మాట్లాడక్కర్లేదు.

దారి ఎక్కడ పెట్టాలనేది ఆఫీసులో కూర్చుని తేల్చకు. సైటు ఇంకా ఖాళీగానే ఉందిగా, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి వెళ్లి ఓ మూల నిలబడు. గడ్డి అరిగిపోయి ఒక బాట పడి ఉంటుంది, ఐమూలగా. మీ ప్లానులో గీత మాత్రం నిటారుగా ఉంది, ఎందుకంటే సెల్లార్ స్తంభాల వరుస అలా ఉంది కాబట్టి. బాటని అంగుళం తేడా లేకుండా అనుసరించమని నేననను, కానీ దాని రెండు కొసలూ ఎక్కడున్నాయో అక్కడే నీ దారి కొసలూ ఉండాలి. ముఖ్యంగా స్టేషన్ వైపు కొస, రోడ్డు దాటే చోటుకి సూటిగా ఉండాలి. లేదంటే జనం దారి దిగి, మధ్యలోనే ట్రాఫిక్‌కి అడ్డంగా పరుగెడతారు, తర్వాత డివైడర్ మీద కంచె వేయమని ఇంకెవడో అర్జీ పెడతాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఇలాంటి దారే ఉండేది, మంచి వెడల్పు, రెండు వైపులా చెట్లు. పర్మిషన్ ఆ దారి చూపించే తెచ్చుకున్నారు. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి, బిల్డర్ అసోసియేషన్‌కి అప్పజెప్పి వెళ్లిపోయాడు. మొదట రాత్రి పది తర్వాత గేటు అన్నారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తర్వాత పగలు కూడా గేటు దగ్గరికి వేసి వాచ్‌మన్‌ని కూర్చోబెట్టారు. ఆ తర్వాత కార్డు ఉంటేనే తెరుచుకునే తాళం, చివరికి దారికి అడ్డంగా పెద్ద పెద్ద పూలకుండీలు. అసోసియేషన్ వాళ్లని తిట్టి లాభం లేదు, నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది వాళ్లు, ఊరందరి కోసం లైట్లు వేసి ఊడ్పించే బాధ్యత తమదని వాళ్లు సంతకం పెట్టిన కాగితాల్లో ఎక్కడా లేదు.

కాబట్టి ఆ దారిలో అందరూ నడిచే హక్కుని రిజిస్టర్ చేయించు, మొదటి ఫ్లాట్ అమ్మకముందే. ఏ దేశంలో దీన్ని ఏ పేరుతో ఎలా రాస్తారో మీ లాయరు చూసుకుంటాడు, నువ్వు చూడాల్సింది అందులో ఏముందన్నది: వెడల్పు ఎంత, ఎన్ని గంటలు తెరిచి ఉండాలి, గేటు పెట్టొచ్చా లేదా, లైట్ల బిల్లు ఎవరిది, రాయి పగిలితే ఎవరు మారుస్తారు, రిపేరుకని మూస్తే ఎన్నాళ్లలో తెరవాలి. 'ప్రజలకు అనుకూలంగా ఉండునట్లు' లాంటి మెత్తటి వాక్యం ఒక్కటీ ఉండనివ్వకు. కొనేవాళ్ల అగ్రిమెంట్లో కూడా ఈ సంగతి ముందే కనపడాలి, తెలిసి కొన్నవాడు తర్వాత గొడవ చేయడు, చేసినా నిలబడదు.

సెక్యూరిటీ అంటారు. న్యాయమైన మాటే, కొట్టిపారేయకు. లోపలి కోర్టుయార్డు, పిల్లలు ఆడుకునే చోటు ఆ ఇళ్లవాళ్లవి, వాటికి గేటు పెట్టుకోనీ. దారిని వాటితో కలపకుండా పక్కగా తీసుకెళ్లు. ఒక కొసన నిలబడితే రెండో కొస కనపడాలి, మధ్యలో మలుపు వద్దు. దారి వైపుకి షాపు తలుపులో, వంటింటి కిటికీలో, మెట్లగది అద్దాలో ఏవో ఒకటి ఉండాలి. ఇప్పుడు మీ డ్రాయింగులో ఒక పక్కంతా కరెంటు మీటర్ల గది, చెత్త గది, జనరేటర్. అలాంటి గోడ వెంబడి రాత్రిపూట నువ్వు ఒంటరిగా నడుస్తావా?

లెవెల్స్ మళ్లీ చూసుకో. షాపుల ఫ్లోరు రోడ్డు కంటే 450 మిల్లీమీటర్లు ఎత్తు పెట్టారు, అంటే మూడు మెట్లు. 1:12 వాలుతో, అంటే ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవుతో, ర్యాంపు వేస్తే 5.4 మీటర్ల పొడవు కావాలి, పైనా కిందా వీల్‌చెయిర్ తిరగడానికి చోటు వేరే. ఆ చోటు మీ దగ్గర లేదు. వరద నీటి భయం లేని సైటే కాబట్టి ఫ్లోరునే కిందికి దించు, మెట్లూ పోతాయి, ర్యాంపూ పోతుంది. అలాగే కార్లు సెల్లార్‌లోకి దిగేచోట ఫుట్‌పాత్ కోసేశారు. కోయొద్దు. ఫుట్‌పాత్ అదే ఎత్తులో సాగిపోవాలి, కారే ఎక్కి దిగాలి, అప్పుడే డ్రైవరుకి తాను వేరేవాళ్ల చోటు దాటుతున్నానని తెలుస్తుంది. వీలైతే ఆ సెల్లార్ దారిని వెనక వీధికి మార్చు. నడకదారి వెడల్పు 1.8 మీటర్ల కంటే ఎక్కడా తగ్గకూడదు, రెండు వీల్‌చెయిర్లు ఎదురైతే పట్టేది అంతే. అది కూడా స్తంభాలు, చెట్ల పాదులు, షాపువాడి బోర్డు తీసేశాక మిగిలే కొలత.

చూపులేని వాళ్ల కోసం వేసే బుడిపెల టైల్స్ మీద ఒక మాట. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన తయారుచేస్తే 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గర రోడ్డు మీద మొదటిసారి వేశారు. ఇప్పుడు ప్రతి డ్రాయింగులోనూ పసుపు పట్టీ అలంకారం లాగా గీసేస్తున్నారు. మీ దాంట్లో అది నేరుగా వెళ్లి బెంచీకి తగులుతోంది! బుడిపెలుంటే ఆగమని, పొడుగు గీతలుంటే సాగమని అర్థం, కాంట్రాక్టరు మనిషికి ఇది పక్కన నిలబడి చెప్పాలి.

బిల్డర్ తప్పకుండా ఓ బ్రిడ్జి ఐడియా తెస్తాడు, రెండో అంతస్తు నుంచి స్టేషన్‌లోకి అద్దాల నడవా అని. అమెరికాలోని మినియాపోలిస్‌లో 1962 నుంచి అలాంటివి కట్టుకుంటూ వచ్చారు, అక్కడి చలికి అలా కట్టడంలో అర్థముంది. కానీ జనం పైకెక్కితే కింద షాపులకి గిరాకీ ఉండదు, పైగా రాత్రి బిల్డింగ్ మూస్తే బ్రిడ్జీ మూతే. రోడ్డు మీదే దాటనివ్వు. ఆరు మీటర్లు ఎక్కాలంటే నలభై మెట్లు, మళ్లీ దిగాలంటే నలభై, లిఫ్టు పాడైన రోజున ఎవరెక్కుతారు?

ఇంకోటి, పని జరిగే రెండు మూడేళ్లు ఫుట్‌పాత్‌ని రేకులు కట్టి మూసేస్తారు. పైకప్పు వేసిన తాత్కాలిక దారి టెండర్‌లోనే రాయించు, తర్వాత అడిగితే ఎక్స్‌ట్రా అంటాడు.

మీటింగుకి ముందు పక్క ప్లాటు లెవెల్స్ ఉన్న సర్వే షీటు నాకు పంపు. తూర్పు మూలలో నీ దారి వాళ్ల ప్రహరీని ఎక్కడ తాకుతోందో ఈ ప్లానులో అర్థం కావట్లేదు, రేపు వాళ్లూ కడితే ఆ గోడ తీసి దారి కలిపేలా చోటు వదలాలి.

పెదనాన్న