బీటెక్ మెకానికల్‌తో ఇంగ్లండ్‌లో డీ అండ్ టీ టీచర్ కావచ్చా?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ మెకానికల్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్) డిజైనర్‌గా పనిచేశాను. పెళ్లయ్యాక బర్మింగ్‌హామ్ వచ్చి ఏడేళ్లయింది. నిరుడు ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది. డిజైన్ అండ్ టెక్నాలజీ (డీ అండ్ టీ)లో పీజీసీఈ, అంటే డిగ్రీ తర్వాత చేసే టీచర్ శిక్షణ కోర్సు, చేసి సెకండరీ స్కూల్లో చెప్పాలని ఉంది. 'ఇంజినీరింగ్ చదివి పిల్లలకు వడ్రంగం నేర్పుతావా' అంటున్నారు ఇంట్లో. ఇండియాలో దూరవిద్యలో బీఈడీ చేసేస్తే తేలికని స్నేహితురాలు చెప్పింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: చేయండి. మీ డిగ్రీ, ఉద్యోగానుభవం, ఐఎల్ఆర్ మూడూ దీనికి కలిసొచ్చేవే. అయితే దరఖాస్తుకు ముందు ఒక పని చేయాలి. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇంట్లోవాళ్ల మాట తేల్చుకుందాం. 'ఈ సబ్జెక్టే ఎందుకు?' అని ఇంటర్వ్యూలో అడిగేదీ అదే కదా.

ఇంగ్లండ్ జాతీయ పాఠ్యప్రణాళికలో 1990 నుంచి ఈ సబ్జెక్టు ఉంది. అంతకుముందు చెక్కపని, లోహపు పని, కుట్టు, వంట వేటికవిగా ఉండేవి. వాటిని ఒకచోటికి తెచ్చి మధ్యలో డిజైన్‌ను నిలబెట్టారు. ఇవాళ్టి జీసీఎస్‌ఈలో (పదహారేళ్ల వయసులో రాసే పరీక్ష) సగం మార్కులు రాతపరీక్షకు, సగం ప్రాజెక్టుకు. ప్రాజెక్టుకు పరీక్ష బోర్డులు జూన్ 1న కొన్ని సందర్భాలు ప్రకటిస్తాయి, విద్యార్థి వాటిలోంచి ఒక సమస్యను పట్టుకోవాలి. ఉదాహరణకు, కీళ్లనొప్పులున్న నాయనమ్మకు సీసా మూత తిరగడం లేదనుకోండి. ఆమె చేతి పట్టు ఎంతో కొలవాలి. బజార్లో దొరికే పరికరాలు ఆమెకెందుకు పనికిరావడం లేదో చూడాలి. స్కెచ్‌లు వేసి, అట్టముక్కలతో నమూనాలు కట్టి, ఆమె చేతికిచ్చి చూసి, మళ్లీ మార్చాలి. ఏక్యూఏ బోర్డులో ప్రాజెక్టుకు 100 మార్కులైతే, వస్తువు తయారీకి వచ్చేవి 20. ఆలోచనలు పుట్టించడానికి 20, వాటికి మెరుగులు దిద్దడానికి 20. పరిశోధనకు 10, డిజైన్ బ్రీఫ్ (ఎవరికి, ఏం చేయబోతున్నారో చెప్పే క్లుప్త వివరణ) రాయడానికి 10, చివర్లో బేరీజు వేయడానికి 20. పైగా రాతపరీక్షలో కనీసం 15 శాతం మార్కులు లెక్కలవి. ఈ లెక్క ఇంట్లో చూపించండి. వడ్రంగం తక్కువ పనేమీ కాదు, కానీ మీరు నేర్పబోయేదాంట్లో అది ఒక పాలు మాత్రమే.

ఇక మీ సంగతి. క్యాడ్ మీకు వచ్చు, పదార్థాల బలాబలాలు తెలుసు, కొలతల్లో టాలరెన్స్ (ఎంత తేడా వరకు చెల్లుతుందనేది) అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. చాలామంది ట్రెయినీలకు కొరుకుడుపడనిది మీకు కొట్టినపిండి. లోటల్లా చేతిపనిలో. బీటెక్ మొదటి ఏడాది వర్క్‌షాపులో హాఫ్ ల్యాప్ జాయింట్ చేసి, ఫిట్టింగులో ఆకురాయితో మైల్డ్ స్టీల్ ముక్క అరగదీసి ఉంటారు. ఆ తర్వాత రంపం పట్టిన ఇంజినీర్లు మనలో ఎంతమంది? ఇక్కడి స్కూల్ వర్క్‌షాపులో టెనన్ రంపం, కోపింగ్ రంపం, పిల్లర్ డ్రిల్, యాక్రిలిక్‌ను వేడిచేసి వంచే లైన్ బెండర్, వ్యాక్యూమ్ ఫార్మర్, లేజర్ కట్టర్ రోజూ వాడతారు. పన్నెండేళ్ల పిల్లలు చుట్టూ నిలబడి ఉండగా డ్రిల్ చేసి చూపించాలి. జుట్టు ముడి, ఏప్రన్, కళ్లద్దాలు, ముక్కను మెషీన్ వైస్‌లో బిగించడం, గార్డ్ దించడం, అత్యవసర బటన్ ఎక్కడుందో చూపడం, అన్నీ మాట్లాడుతూనే చేయాలి, కళ్లు మాత్రం పిల్లల మీద ఉండాలి. లేజర్ కట్టర్‌లో పీవీసీ షీటు పెడితే విషవాయువు వస్తుంది, ఆ వాయువు మెషీన్‌నూ తినేస్తుంది. ఏ షీటు ఏమిటో తెలియకుండా లోపల పెట్టకూడదన్న జాగ్రత్త మీకు అలవాటైతేనే పిల్లలకు అబ్బుతుంది. మెషీన్లు చూసుకుంటూ సామాన్లు కోసిపెట్టే టెక్నీషియన్ చాలా స్కూళ్లలో ఉంటారు. ఆయన దగ్గర నేర్చుకోవడానికి మొహమాటపడకండి.

మరో సంగతి. ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్లలు కొన్ని వారాలు చెక్కపని, కొన్ని వారాలు వస్త్రాలు, కొన్ని వారాలు వంట, ఇలా వంతులవారీగా తిరుగుతారు. కత్తి ఎలా పట్టాలో, పచ్చి మాంసం ముట్టాక ఏం చేయాలో చెప్పమని మెకానికల్ ఇంజినీర్‌నూ అడుగుతారు. అది చిన్నతనమనిపించే పనైతే ఈ ఉద్యోగం మీకు కష్టమే.

అందుకే దరఖాస్తు కంటే ముందు స్కూలుకు వెళ్లి చూడమంటున్నాను. ఇక్కడి విద్యాశాఖ వాళ్ల 'గెట్ స్కూల్ ఎక్స్‌పీరియన్స్' సేవ ఉచితం, అందులో డీ అండ్ టీ ఉన్న స్కూళ్లను వెతుక్కోవచ్చు. రెండు మూడు రోజులు వెనక కూర్చుంటే చాలు, ఏ కౌన్సెలరూ చెప్పలేనివి తెలుస్తాయి. వీలైతే రెండు భిన్నమైన స్కూళ్లు చూడండి. గత పదిహేనేళ్లలో జీసీఎస్‌ఈకి ఈ సబ్జెక్టు తీసుకునేవాళ్లు బాగా తగ్గారు. కొన్నిచోట్ల విభాగం బక్కచిక్కింది, కొన్నిచోట్ల కళకళలాడుతోంది. ఆ తేడా కళ్లారా చూడాలి. టీచర్ల కొరత మాత్రం గట్టిగానే ఉంది, కాబట్టి ఉద్యోగం గురించి బెంగ అక్కర్లేదు.

డబ్బు విషయం. 2025-26లో ఈ సబ్జెక్టుకు బర్సరీ (శిక్షణకాలంలో ఇచ్చే ఆర్థిక సాయం) 20,000 పౌండ్లు. తిరిగి కట్టక్కర్లేదు, పన్నూ లేదు. ఏటేటా మారుతుంది కాబట్టి మీరు చేరే ఏడాది అంకె చూసుకోండి. అదే ఏడాది ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు, దానికి లోన్ వస్తుంది. ఐఎల్ఆర్‌తోపాటు కోర్సు మొదలయ్యేనాటికి మూడేళ్లుగా ఇక్కడే నివాసం ఉండాలి, మీకు రెండూ ఉన్నాయి. ఇది చదువుతున్న మిగతావాళ్లు గమనించాలి: స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లకు ఈ సబ్జెక్టులో బర్సరీ రాదు, అంతర్జాతీయ ఫీజు కట్టాలి. అప్పు చేసి అలా రమ్మని నేను ఎవరికీ చెప్పను. జీతం 2025 సెప్టెంబరు స్కేలు ప్రకారం లండన్ బయట 32,916 పౌండ్లతో మొదలవుతుంది.

దూరవిద్య బీఈడీ ఆలోచన మానుకోండి. అది ప్రధానంగా ఇండియాలో ఇప్పటికే టీచర్లుగా పనిచేస్తున్నవాళ్ల కోసం పెట్టింది. ఇండియా టీచర్లకు నేరుగా క్యూటీఎస్ (ఇంగ్లండ్‌లో అర్హత పొందిన టీచర్ హోదా) ఇచ్చే దారి కూడా లెక్కలు, సైన్స్, భాషలు చెప్పేవాళ్లకే. ఆన్‌లైన్‌లో కనిపించే ఇంటర్నేషనల్ పీజీసీఈల జోలికీ పోవద్దు, వాటితో క్యూటీఎస్ రాదు. కోర్సు పేజీలో 'క్యూటీఎస్‌తో పీజీసీఈ' అని ఉందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్లండి. ఆ ఏడాదిలో కనీసం 120 రోజులు స్కూళ్లలోనే గడుస్తాయి, అదీ కనీసం రెండు స్కూళ్లలో. పిల్లలుంటే ఉదయం ఎవరు చూసుకుంటారో ఇప్పుడే మాట్లాడుకోండి. ఉద్యోగంలో చేరాక మరో రెండేళ్లు ఇండక్షన్, అంటే కొత్త టీచర్లకు పర్యవేక్షణ కాలం.

కాగితాలకు టైమ్ పడుతుంది. బీటెక్, ఇంటర్, పదో తరగతి సర్టిఫికెట్లతో ఎనిక్ (విదేశీ చదువులను ఇక్కడి వాటితో పోల్చి చెప్పే సంస్థ) నుంచి సమానత్వ పత్రం తెప్పించుకోండి. ఇంగ్లిష్, లెక్కల్లో జీసీఎస్‌ఈ నాలుగో గ్రేడుకు మీ పదో తరగతి సరిపోతుందో లేదో మీరెంచుకున్న కాలేజీని ముందే అడగండి, కొందరు విడిగా పరీక్ష రాయమంటారు. దరఖాస్తులు అక్టోబరులో మొదలవుతాయి. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల యూనివర్సిటీలూ, స్కూళ్లే నడిపే స్కిట్ కోర్సులూ రెండూ చూసి పెట్టుకోండి. హైదరాబాద్‌లో గీసిన క్యాడ్ డ్రాయింగులకు తోడు, ఈలోపు ఇంట్లోనే చెక్కతోనో యాక్రిలిక్‌తోనో ఒక వస్తువు చేసి, మొదటి స్కెచ్ నుంచి ప్రతి దశా ఫొటో తీసి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. కుదరని నమూనాలు కూడా అందులో ఉండాలి.