తల్లిదండ్రులు హెచ్-1బీలో ఉంటే, అమెరికాలో పుట్టిన పిల్లలకు ఫెడరల్ సాయం వస్తుందా?

మీరు హెచ్-1బీ (ఉద్యోగ వీసా), మీ ఆవిడ హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా), బాబు ఇక్కడే పుట్టాడు, ఫాఫ్సా (కాలేజీ చదువుకి ఫెడరల్ సాయం కోసం నింపే ఫారం) నింపినా దండగే అంటున్నారు, నిజమేనా అని అడిగారు. దండగ కాదండి, తప్పకుండా నింపండి. చట్టం చూసేది చదువుకునే పిల్లల హోదానే, మన వీసా కాదు.

మా ఇంట్లో రెండు పరిస్థితులూ చూశాం. పెద్దమ్మాయి గుంటూరులో పుట్టి, హెచ్-4 మీద ఇక్కడ పెరిగింది. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు. ఇల్లూ ఒకటే, జీతమూ ఒకటే. 1965లో లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఉన్నత విద్యా చట్టం కింద గ్రాంట్లు, లోన్లు పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థుల లాంటి మరికొందరికి మాత్రమే ఇస్తారు. ఏళ్లుగా గ్రీన్ కార్డు క్యూలో ఉన్న మనవాళ్లకు ఇండియాలో పుట్టిన పిల్లలు అందులోకి రారు. ఫీజులు చూసి మా అమ్మాయి తనంతట తనే కాలేజీల పేర్లు కొట్టేసుకుంటూ ఉంటే చూడలేకపోయాను. ఇక్కడే పెరిగిన పిల్లలకు ఇది అన్యాయమనే ఇప్పటికీ నా అభిప్రాయం.

మీ బాబు ఇక్కడ పుట్టిన పౌరుడు కాబట్టి ఆ అడ్డు లేదు. పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం) మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2025-26కి అది గరిష్ఠంగా 7,395 డాలర్లు, ఐటీ జీతాలున్న ఇళ్లకు సాధారణంగా రాదు. మావాడికీ రాలేదు. కానీ ఆదాయంతో పని లేకుండా మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా ఫెడరల్ లోను పిల్లవాడి పేరు మీదే వస్తుంది. క్రెడిట్ చూడరు, కోసైనర్‌ని (అప్పుకి హామీగా సంతకం పెట్టేవాళ్లని) అడగరు. ప్రైవేటు లోనుకి చాలా చోట్ల పౌరుడో గ్రీన్ కార్డున్న వ్యక్తో కోసైన్ చెయ్యాలంటారు కదా, మనలాంటివాళ్లకు అక్కడే పెద్ద టెన్షన్. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. హెచ్-1బీలో ఉన్న మనం పేరెంట్ ప్లస్ లోను (పిల్లల చదువుకి తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ అప్పు) తీసుకోలేం. ఆ కారణం చూపిస్తే, కాలేజీ ఒప్పుకున్నప్పుడు పిల్లవాడికి మొదటి ఏడాది అదనంగా 4,000 దాకా ఇవ్వొచ్చు. వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో మీరే అడగాలి. అప్పు అప్పే, 2025-26 లోన్లకు వడ్డీ 6.39 శాతం. అవసరమైనంతే తీసుకోండి.

మీరిద్దరూ కలిపి టాక్స్ ఫైల్ చేస్తే ఫాఫ్సా ఫారంలో టాక్స్ వివరాలు తీసుకోవడానికి ఒకరు సమ్మతి ఇస్తే చాలు, మీ ఆవిడకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఇబ్బంది లేదు. మీరుంటున్న ఇల్లు, 401కే (ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ పొదుపు) ఆస్తుల లెక్కలోకి రావు. ఊళ్లో స్థలం, హైదరాబాద్ ఫ్లాటు మాత్రం ఆస్తులుగా చూపించాల్సిందే. ఇండియాలోవి కదా అని వదిలెయ్యకండి, కింద సంతకం పెట్టేది మీరే.

ఫారం మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. కాలేజీలు తమ సొంత స్కాలర్‌షిప్‌లకూ దీన్నే అడుగుతుంటాయి, వాటి గడువులు ముందే అయిపోతాయి. బాబు అప్లై చేసే ఒక్కో కాలేజీ తేదీ ఇప్పుడే చూసి పెట్టుకోండి.