పాట లేని పాత్ర అని దిగులు పడకు

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

ఇటలీ స్వరకర్త మాంతెవెర్దీ పాటల నాటకం (ఒపెరా) ‘ఓర్ఫెయో’లో నీకు కబురు తెచ్చే సిల్వియా వేషం వచ్చిందని, అందులో పాడుకోవడానికి ఒక్క పాటైనా లేదని బాధపడ్డావు. ఆ ఒపెరాలో కథ మలుపు తిరిగేదే నీ నోటి మాటతో! రెండో అంకంలో గొల్లలు, ఓర్ఫెయో పెళ్లి సంబరంలో పాడుతూ ఉంటారు. నువ్వు వస్తావు, సంబరం ఆగిపోతుంది. పెళ్లికూతురు యూరిదీచే పాము కరిచి చనిపోవడాన్ని ప్రేక్షకులు చూడరు, నువ్వు చెబితే వింటారు. అందుకే మాంతెవెర్దీ నీకు పాట ఇవ్వకుండా రెచిటటీవో, అంటే మాటలా సాగే పాట, ఇచ్చాడు.

1600 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్సులో పెరీ అనే స్వరకర్త, ప్రాచీన గ్రీకు నాటకాన్ని తలచుకుంటూ, మాటకూ పాటకూ నడుమ ఉండే ఈ పద్ధతిని పట్టుకున్నాడు. 1607లో మాంతువాలో మాంతెవెర్దీ దానితో కన్నీళ్లు పెట్టించాడు.

ముందు స్వరాల పుస్తకం మూసెయ్యి. ఒక్క మాటలనే పైకి చదువు. చావు కబురు తెచ్చినవాళ్లు గడప దగ్గరే ఆగిపోతారు, అసలు మాట నోటికి రాదు. సిల్వియా కూడా అంతే. ముందు అయ్యో అంటుంది, తరువాత పేరు చెబుతుంది, చివరికి గాని చనిపోయిందని అనదు. దానికి ఓర్ఫెయో ఒక్క ‘ఒయిమె’ (అయ్యో) అంటాడు. ఆ తరువాత వెంటనే అందుకోకు. అతను విన్నది అతనికి తెలిసేదాకా ఆగు.

పద్య నాటకాలు వింటూ పెరిగావు కాబట్టి పాదం చివర రాగం తీయాలనిపిస్తుంది. ఇక్కడ వద్దు, మాట చెదిరిపోతుంది. ఒత్తులు మాత్రం మింగకు. అటుకూ అట్టుకూ తేడా తెలిసిన నోరు నీది, ‘బెల్లా’ (అందగత్తె) అనే మాటలో ఆ ‘ల్ల’ను అలాగే పలుకు.

పూలు కోస్తుండగా గడ్డిలోని పాము కాలు కరవడం, ముఖం పాలిపోవడం, చెలులు చన్నీళ్లు చల్లడం, అంతా నీ కళ్లతో చూసినట్టే చెప్పు. కన్ను మూసేముందు ఆమె ‘ఓర్ఫెయో, ఓర్ఫెయో’ అని పిలుస్తుంది. ఆ పిలుపులో ఆమె గొంతు వినిపించాలి, నీది కాదు. చివర్లో సిల్వియా ఈ కబురనే కత్తిని తన నాలుకే మోసుకొచ్చిందని తనను తానే అసహ్యించుకుంటుంది. అక్కడ ఏడవకు తల్లీ, గొంతు పూడితే మాట పోతుంది.

నీ వెనుక ఉండేది చెక్క గొట్టాల ఆర్గన్, కిటరోనే అనే పొడుగు మెడ తంత్రీవాద్యం అంతే. వాటిని వాయించే ఇద్దరితో విడిగా కూర్చో. వాళ్లు తాళం లెక్కపెట్టకుండా నీ ఊపిరి చూసి వాయించాలి. కూర్చున్నాక ఫోను చేసి, ఆ పిలుపు ఒకసారి వినిపించు.

మీ అత్తయ్య