రిపోర్టులన్నీ నార్మల్, పాపకు మాత్రం కడుపునొప్పి తగ్గడం లేదు

ప్రశ్న: మాది తిరుపతి. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. జూన్‌లో బడి తెరిచిన కొత్తలో వాంతులు, విరేచనాలు అయ్యాయి. అవి తగ్గిపోయాయి గానీ, అప్పట్నుంచీ బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. వారంలో రెండు మూడుసార్లు వస్తుంది, ఎక్కువగా పొద్దునపూట. ఒక్కోసారి మెలికలు తిరిగిపోతుంది. ఇద్దరు డాక్టర్లకు చూపించాం. రక్తం, మూత్రం, మలం పరీక్షలు, స్కానింగ్ అన్నీ అయ్యాయి. పురుగుల మందు, గ్యాస్ సిరప్, యాంటీబయాటిక్ కూడా వాడాం. స్కానింగ్‌లో కడుపులో చిన్న చిన్న లింఫ్ గ్రంథులు కనిపించాయన్నారు, భయం లేదన్నారు. తెలిసినవాళ్లు టీబీ కావచ్చంటున్నారు. మా ఆయన బడి ఎగ్గొట్టడానికి నాటకం అంటారు. మా అత్త దిష్టి అంటుంది. నేను రాత్రిళ్లు ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటున్నాను. నా చిన్నప్పుడు మా తమ్ముడు కడుపునొప్పితోనే పోయాడు. రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రికి తీసుకుపోదామా? ఎండోస్కోపీ చేయించమని అడగనా? ఏమిటో తెలియకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

జవాబు: అమ్మా, మీ పాప నొప్పి నిజం. రిపోర్టుల్లో ఏమీ లేకపోవడమూ నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని మీకు ఇంతవరకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. అందుకే ఇంట్లో ఒకరు నాటకమని, ఒకరు పెద్ద జబ్బని, ఒకరు దిష్టని తలో దారి పట్టారు.

ఇలాంటి నొప్పి మీ పాప ఒక్కదానికే వచ్చింది కాదు. 1958లో జాన్ ఆప్లీ అనే పిల్లల డాక్టర్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో వెయ్యిమంది బడి పిల్లలను పరిశీలిస్తే, సుమారు పదిమందిలో ఒకరికి ఇలా మళ్లీ మళ్లీ కడుపునొప్పి వస్తోందని తేలింది. వాళ్లలో చాలామందికి లోపల ఏ జబ్బూ కనబడలేదు. ఇప్పుడు దీన్ని ఫంక్షనల్ కడుపునొప్పి అంటున్నారు. ఇలాంటి జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే రోమ్ ప్రమాణాలను 2016లో సవరించారు. వాటి ప్రకారం, నెలకు కనీసం నాలుగుసార్ల చొప్పున కనీసం రెండు నెలలు నొప్పి వస్తూ, తగినంత పరీక్షించాక వేరే కారణం కనబడకపోతే డాక్టర్ ఈ నిర్ధారణకు రావచ్చు. ‘తగినంత’ అన్న మాట గమనించండి. ప్రపంచంలో ఉన్న పరీక్షలన్నీ చేయించాలని అందులో లేదు.

నొప్పి ఎక్కణ్నుంచి వస్తోందంటే, మన పేగుల గోడల్లో నరాల అల్లిక ఒకటుంది. అది మెదడుతో నిత్యం సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. గట్టిగా వాంతులు, విరేచనాలు అయ్యాక కొందరు పిల్లల్లో, ఇన్‌ఫెక్షన్ తగ్గిపోయినా, ఆ నరాలు సున్నితంగా ఉండిపోతాయి. మనకు తెలియనైనా తెలియని గాలి, పేగు కదలిక వాళ్లకు నొప్పిగా తెలుస్తాయి. పిల్లి దూకినా మోగే కారు అలారం లాంటిది ఇది. దొంగ లేడు, కానీ మోత మాత్రం అబద్ధం కాదు. టెన్షన్ ఉంటే ఆ మోత ఇంకా పెరుగుతుంది. పాపకు జూన్‌లో మొదలైన కథ నాకు దీనికి దగ్గరగా అనిపిస్తోంది. అయితే చేత్తో కడుపు చూసి ఖాయం చేయాల్సింది పిల్లల డాక్టరే.

ఆ డాక్టర్‌ను మీరు సూటిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పాప బరువు తగ్గుతోందా, లేక ఎత్తు పెరగడం ఆగిందా? నొప్పి నిద్రలోంచి లేపేస్తోందా? మలంలో రక్తం, రాత్రిపూట విరేచనాలు, పదేపదే వాంతులు, మింగడంలో ఇబ్బంది, విడవని జ్వరం, కీళ్లనొప్పులు, మానని నోటిపూత, మూత్రంలో మంట, ఇంట్లో ఎవరికైనా పేగుపూత జబ్బు... వీటిలో ఏదున్నా వెతకడం ఆపకూడదు. నొప్పి బొడ్డు దగ్గర కాకుండా ఎప్పుడూ ఒకే పక్కన, ముఖ్యంగా కుడివైపు వస్తున్నా అంతే. ఇవేవీ లేక, పాప తింటూ, ఆడుతూ, బరువు పెరుగుతూ ఉంటే లోపల ప్రమాదకరమైన జబ్బు దాగి ఉండే అవకాశం చాలా తక్కువ.

లింఫ్ గ్రంథుల సంగతి మీ నిద్ర చెడగొట్టింది కాబట్టి దాన్ని ముందు తేల్చుకుందాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు స్కానింగ్ చేసినా కడుపులో చిన్న గ్రంథులు మామూలుగానే కనిపిస్తాయి. ఏదైనా ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయాక కొన్నాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి కూడా. కడుపు టీబీ అయితే సాధారణంగా బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, ఆకలి లేకపోవడం, కడుపు ఉబ్బడం లాంటివి తోడుంటాయి. ఆ గ్రంథులు కూడా పెద్దవిగా, ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి. మీ ఇంట్లో గానీ, పాప ఎక్కువగా మెలిగే చోట గానీ ఎవరికైనా టీబీ ఉంటే మాత్రం డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. లేకపోతే ఆ తెలిసినవాళ్ల మాట అక్కడితో వదిలేయండి.

పిల్లల కడుపునొప్పి అంటూ నా దగ్గరికి వచ్చే కుటుంబాలను నేను మొదట అడిగేది బాత్రూం సంగతి. మీరు ఇంత పెద్ద ఉత్తరంలో దాని గురించి ఒక్క మాటా రాయలేదు. రోజూ వెళ్తోందన్నంత మాత్రాన మలబద్ధకం లేదనుకోకండి. ఉండలు ఉండలుగా వస్తోందా, ముక్కాల్సి వస్తోందా, బడిలో టాయిలెట్‌కు పోకుండా సాయంత్రం దాకా బిగబట్టుకుంటోందా అని అడగండి. బడి టాయిలెట్ కంపు అనో, గడియ పడదు అనో నీళ్లు కూడా తాగడం మానేసే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఏడు గంటలకే బడి వ్యాన్ వస్తే ఇంట్లో కూర్చునే తీరికా ఉండదు. ఇదే కారణమైతే డాక్టర్ రాసే విరేచనం సాఫీ అయ్యే మందు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు వాడాలి. రెండు రోజులు వాడి తగ్గింది కదా అని ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అన్నం తిన్నాక పేగులు సహజంగా కదులుతాయి. అందుకే రాత్రి భోజనం అయ్యాక ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టండి. వెస్ట్రన్ టాయిలెట్ అయితే కాళ్ల కింద పీట వేయండి. రాగి సంగటి, ఆకుకూర పప్పు, జామకాయ మన ఇళ్లలో దొరికేవే. చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు తగ్గించండి.

పాల విషయం కూడా చూడండి. మన వైపు చాలామందికి వయసు పెరిగేకొద్దీ పాలలోని చక్కెర సరిగా అరగదు. పొద్దున్నే పెద్ద గ్లాసు పాలు తాగించి బడికి పంపుతుంటే, ఓ రెండు వారాలు పాలు ఆపి చూడండి. పెరుగు, మజ్జిగ సాధారణంగా పడతాయి, ఆపనక్కర్లేదు. తేడా కనబడకపోతే పాలు మళ్లీ మొదలుపెట్టండి. అనుమానం వచ్చిన ప్రతి పదార్థాన్నీ మానిపిస్తూ పోతే పిల్ల తిండికే భయపడుతుంది.

ఇక మీ తమ్ముడి మాట. పాప గురించి అంత రాసి, ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి దాటిపోయారు. నాకు మాత్రం మీ ఉత్తరమంతా అక్కడే ఉన్నట్టు అనిపించింది. మీ పాప కడుపు పట్టుకున్న ప్రతిసారీ మీకు కనిపించేది పాప ఒక్కతే కాదు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు, ఆస్పత్రికి పోవడానికి ఆలస్యం అయిందేమో, మీరు చిన్నపిల్ల. ఇప్పుడు మాత్రం ఆలస్యం కానివ్వకూడదని మీ ప్రాణం కొట్టుకుంటోంది. ఇందులో మీ తప్పేమీ లేదు. కానీ ఆ భయం ఫోన్‌లో వెతికితే తీరేది కాదు, ఇంకో స్కానింగ్‌తో తీరేది కాదు. ఆరు నెలలుగా వచ్చి పోతున్న నొప్పి వేరు, ప్రాణం మీదికి తెచ్చే నొప్పి వేరు. ఆ రెండోదాన్ని గుర్తుపట్టడం మీకు తెలిస్తే సగం రాత్రులు నిద్ర పడుతుంది. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగి, గంట గంటకూ పెరుగుతూ, జ్వరం, వాంతులతో పాప నిటారుగా నడవలేకపోతే అది అపెండిక్స్ కావచ్చు. ఆకుపచ్చ రంగులో వాంతి అయినా, కడుపు గట్టిగా బిగుసుకుపోయినా, మలంలో రక్తం పడినా అంతే. అప్పుడు ఎవరి అభిప్రాయమూ అడగకుండా, అర్ధరాత్రి అయినా రుయా లాంటి పెద్దాస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఈ మామూలు నొప్పి ఉన్న పాపకు ఆ నొప్పి రాదని ఏమీ లేదు కాబట్టి ఇది ఇంట్లో అందరికీ తెలియాలి, మీ ఆయనకు మరీ ముఖ్యంగా.

తమ్ముడి సంగతి మీ ఆయనకు పూర్తిగా ఎప్పుడైనా చెప్పారా? చెప్పకపోతే చెప్పండి. మీ కంగారు ఆయనకు అతిగా కనబడుతోందంటే దాని మూలం ఆయనకు తెలియకపోవడమే కావచ్చు. మీకు మీరుగా మోయలేకపోతుంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ఉన్న ప్రభుత్వ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మీ ఆయన ‘నాటకం’ అన్న మాట ఈ రోజే ఆగిపోవాలి. నొప్పి పుడుతున్న పిల్లను నమ్మకపోతే, నమ్మించడానికి అది ఇంకా గట్టిగా ఏడవాల్సి వస్తుంది. అలాగని మీరు చేస్తున్నదీ పాపకు మేలు చేయడం లేదు. పొద్దున లేవగానే ‘నొప్పిగా ఉందా తల్లీ?’ అని అడుగుతుంటారని నా అంచనా. ఇలాంటి నొప్పి ఉన్న పిల్లల మీద జరిగిన ఒక పరిశోధనలో, తల్లిదండ్రులు నొప్పి గురించే మాట్లాడినప్పుడు పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. మాట మళ్లించినప్పుడు సగానికి తగ్గాయి. మాట మళ్లిస్తే పిల్ల బాధపడుతుందేమోనని తల్లిదండ్రులు అనుకున్నారు గానీ, పిల్లలకు మాత్రం అదే హాయిగా అనిపించింది. కాబట్టి మీరుగా అడగొద్దు. పాప చెప్తే, ‘నాకు తెలుసు బంగారం, నొప్పి పుడుతోంది. డాక్టర్ చూశారు, ప్రమాదం లేదన్నారు. కాసేపట్లో తగ్గుతుంది, రా, జడ వేస్తాను’ అని పనిలో పడండి. వేడినీళ్ల సంచి పెట్టండి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి పైకి లేచేలా నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నొప్పి లేనప్పుడే ఆటలాగా నేర్పండి, నొప్పి వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

మీ అత్తగారితో గొడవ వద్దు. ఉప్పు, ఎండుమిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేస్తే ఎవరికీ నష్టం లేదు, ఆమె మనసు కుదుటపడుతుంది. పసర్లు తాగించడం, వాతలు పెట్టించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. కొండకు మొక్కుకోవడమూ మంచిదే. కానీ పాప వింటుండగా ‘బిడ్డ బతికి బట్టకడితే చాలు స్వామీ’ అని మొక్కకండి. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాట ఎలా వినబడుతుందో ఆలోచించండి. తనకేదో చావు జబ్బు ఉందని, పెద్దవాళ్లు దాస్తున్నారని అనుకుంటుంది.

బడి ఆపొద్దు. నొప్పి వచ్చిన రోజు ఆలస్యంగానైనా పంపండి. ఇంట్లో ఉండిపోతే టీవీ, ఫోన్, ప్రత్యేకమైన తిండి ఉండకూడదు, పడుకోవాలంతే. అయితే పొద్దునపూటే నొప్పి ఎక్కువ అన్నారు కదా, దసరా సెలవుల్లో ఎలా ఉండిందో గుర్తుచేసుకోండి. సెలవుల్లో తగ్గి ఉంటే దాన్ని నాటకానికి సాక్ష్యంగా తీసుకోకండి, భయానికి సాక్ష్యంగా తీసుకోండి. ఏ పీరియడ్ అంటే బెంగ, వ్యాన్‌లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరైనా కొడుతున్నారా, తాకకూడని చోట తాకుతున్నారా అన్నది ఒకేసారి విచారణలా కాకుండా, పక్కన పడుకున్నప్పుడు మెల్లగా కదపండి. ఏదైనా బయటపడితే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. క్లాస్ టీచర్‌ను కలిసి, నొప్పి వస్తే పాపను పది నిమిషాలు కూర్చోనివ్వమని, వెంటనే ఇంటికి ఫోన్ చేయొద్దని, టాయిలెట్‌కు అడిగిన వెంటనే పంపమని చెప్పండి. మూడో మాట దగ్గర గట్టిగా నిలబడండి.

రాయవేలూరు గురించి అడిగారు. పైన చెప్పిన లక్షణాలేవీ లేకపోతే ఎండోస్కోపీని మీరుగా అడగొద్దు. పాపకు మత్తు ఇవ్వాలి, తేలేది తక్కువ. సీటీ స్కాన్ కూడా ఊరికే చేయించేది కాదు, రేడియేషన్ ఉంటుంది. ముందు తిరుపతిలోనే ఒక పిల్లల డాక్టర్‌ను పట్టుకుని, రెండు నెలలు ఆయన దగ్గరే ఉండండి. ఇన్ని మందుల్లో ఏవి ఆపాలో కూడా ఆయన్నే అడగండి. రెండు వారాలు మాత్రం ఒక నోట్‌బుక్‌లో నొప్పి వచ్చిన వేళ, తిన్నది, బాత్రూం, బడి వివరాలు పాప చూడకుండా రాయండి, తర్వాత ఆపేయండి. ఈ నొప్పి చాలామంది పిల్లల్లో కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది, పరీక్షలప్పుడు మళ్లీ తొంగిచూడొచ్చు.

అప్పటికీ మీ మనసు ఒప్పుకోకపోతే ఒక్కసారి సీఎంసీకి వెళ్లి రండి. చిత్తూరు మీదుగా వేలూరు పక్కనున్న కాట్పాడికి రైలుంది, పొద్దున బయల్దేరితే సరిపోతుంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి, పాప బరువు, ఎత్తు రాసిన కాగితం, ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. ‘ఇంకా ఏ పరీక్ష చేయాలి’ అని కాక, ‘చేసినవి సరిపోయాయా, మేం దేనికి జాగ్రత్త పడాలి’ అని అడగండి. మీ ఆయన్ను వెంట తీసుకెళ్లండి. డాక్టర్ చెప్పేది ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని వినాలి.